వేగం పెంచాక తెరుచుకోని కంప్యూటర్లు

ముప్పై ఏళ్ళకు పైగా మహారాష్ట్రలోని నాందేడ్‌లో కంప్యూటర్లు బాగుచేశాను. బోర్డు మీది అక్షరాలు చదవడానికి భూతద్దం కావలసివచ్చాక దుకాణం అప్పగించి ఇంట్లో కూర్చున్నాను. అయినా ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను కూర్చోనివ్వరు. "కాకా, మిషన్ చాలూ అయితలేదు, ఫ్యాన్ తిరుగుతున్నది గాని తెర నల్లగుంటున్నది, ఏం జెయ్యాలె?" అని వారానికి ఒకరైనా ఫోన్ చేస్తారు. చెప్పిందే చెప్పి నోరు నొప్పిపుట్టి, చివరికి రాసిపెడదామని కూర్చున్నాను.

ఎన్ని మిషన్లు బాగుచేశాను, ఏ సభలో ఎవరు శాలువా కప్పారు అన్నది ఇందులో ఉండదు. శాలువాలు బీరువాలో ఉన్నాయి, అక్కడే ఉండనిద్దాం. ఒకే ఒక్క జబ్బు గురించి రాస్తాను. మెమరీ వేగం పెంచే సెట్టింగ్ పెట్టాక కంప్యూటర్ తెరుచుకోకపోవడం. ఈ జబ్బు నాకు పని నేర్పింది, పరువు తీసింది, మళ్ళీ పరువు నిలబెట్టింది కూడా.

కులకర్ణి సర్ బల్ల

నాకు పని నేర్పినవారు కులకర్ణి సర్. ఆయన దుకాణంలో ఏడేళ్ళు పనిచేశాను. కోపం ముక్కు మీదే ఉండేది. దుకాణానికి వచ్చిన గిరాకీల ముందు అరిచేవారు. మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు. ఒక మనిషిని పనిలో పెట్టుకున్నాక అతనికి అప్పుడప్పుడు మంచి మాట కూడా కావాలని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఇది నేను ఇవాళ కూడా తప్పే అంటాను. మీ దగ్గర ఎవరైనా పనిచేస్తే మీరు అలా ఉండకండి.

కానీ ఆయన బల్ల మీద నేర్చుకున్నది నాకు జీవితాంతం అన్నం పెట్టింది. ఒకరోజు తెరుచుకోని మిషన్ ఒకటి నా చేతికి వచ్చింది. నేను ర్యామ్ మార్చాను, లోపలి కేబుల్ మార్చాను, పవర్ సప్లై కూడా మార్చాను. మిషన్ తెరుచుకుంది. ఛాతీ విరుచుకుని ఆయన ముందు పెట్టాను.

"ఏం పోయింది దీంట్ల?" అని అడిగారు సర్. మరాఠీ మనిషే అయినా మాతో తెలుగులోనే మాట్లాడేవారు.

"ఏం పోయిందో తెల్వది సర్. గాని నడుస్తున్నది."

ఆయన ఇంకేమీ అనకుండా నేను తీసేసిన మూడు పాత సామాన్లూ మళ్ళీ పెట్టించారు. మిషన్ మళ్ళీ చచ్చింది. "ఇప్పుడు ఒక్కొక్కటి మార్చు. ఏకా వేళీ ఏకచ్," అన్నారు. ఒకసారికి ఒక్కటే అని. సాయంత్రం దాకా కూర్చుంటే తేలింది, పోయింది కేబుల్ ఒక్కటే. నా తెలివికి మంచి ర్యామ్, మంచి పవర్ సప్లై చెత్తబుట్టలో పడేవి. ఆ రోజు ఆయనను లోపల్లోపల తిట్టుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

డబ్బా మీది అంకె

ఇప్పుడు అసలు జబ్బుకు వద్దాం. ర్యామ్ అంటే కంప్యూటర్ పనిచేస్తున్నంతసేపూ చేతికందేలా పెట్టుకునే జ్ఞాపకం. ర్యామ్ డబ్బా మీద పెద్ద అంకె ఒకటి ఉంటుంది. అది దాని వేగం. కానీ మిషన్‌లో పెట్టగానే అది ఆ వేగంతో నడవదు. మామూలు వేగంతో, నెమ్మదిగా నడుస్తుంది. డబ్బా మీది వేగం రావాలంటే బయోస్‌లోకి, అంటే మిషన్ తెరుచుకోకముందే వచ్చే సెట్టింగుల్లోకి వెళ్ళి, ఎక్స్‌ఎంపీ అనే ప్రొఫైల్‌ను ఆన్ చెయ్యాలి. ఒక్క మీట నొక్కితే చాలు, అంకె పెరుగుతుంది. అక్కడే మనవాళ్ళు మోసపోతారు.

ఆ అంకె ర్యామ్ చేసినవాడి మాట. దాన్ని బోర్డు ఒప్పుకోవాలి, ప్రాసెసర్ ఒప్పుకోవాలి. రెండు స్టిక్‌లకు, అంటే ర్యామ్ పలకలకు, ఒప్పుకున్నది నాలుగింటికి ఒప్పుకోకపోవచ్చు. ఒక కంపెనీ స్టిక్ పక్కన ఇంకో కంపెనీది పెడితే అంకె ఒకటే అయినా జత కుదరకపోవచ్చు.

ఫోటో స్టూడియో వాజిద్ భాయ్ మిషన్ రెండు రోజులు తెరుచుకునేది, మూడో రోజు మొరాయించేది. "మిషన్ గాదు భాయ్ ఇది, మా మామ. ఎప్పుడు మాట్లాడతదో, ఎప్పుడు అలుగుతదో తెల్వది," అనేవాడు. నేను పవర్ సప్లై మార్చాను. ర్యామ్ కాళ్ళను పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. నాందేడ్‌లో ఏ బల్ల మీద చూసినా రబ్బరు ముక్క ఉంటుంది, ఏ జబ్బుకైనా ముందు అదే మందు. నెలన్నర తిప్పాక బయోస్ తెరిచి చూస్తే వేగం పెంచి ఉంది. పెంచింది ఎవరు? నేనే, అమ్మిన రోజు. ఒక మెట్టు దించాను. ఆ తరువాత మిషన్ అలగలేదు. వాజిద్ భాయ్ నన్ను ఒక్క మాట అనలేదు, పైగా మా ఇంట్లో పెళ్ళికి ఫోటోలు తీశాడు. ఆయన మంచితనం వల్లే కాబోలు నాకు బుద్ధి రాలేదు. నాలుగు మాటలు పడి ఉంటే ఇప్పుడు చెప్పబోయే సవిత సంగతి జరిగేది కాదు.

కర్ఖేలి నుంచి ఫోన్

సవిత కర్ఖేలిలో సేతు కేంద్రం నడుపుతుంది. ధర్మాబాద్ తాలూకాలో, తెలంగాణ సరిహద్దు దగ్గరి ఊరు. రైతులకు సర్కారు కాగితాలన్నీ ఆమె దగ్గరే. ఆదాయం, కులం దాఖలాలు, అంటే సర్టిఫికెట్లు, పొలం వివరాలుండే సాత్‌బారా, అన్నిటికన్నా ముఖ్యంగా వానాకాలంలో పంట బీమా. ఆమె కంప్యూటర్ నేను కట్టిందే. కొత్త రకం బోర్డు, రెండు ర్యామ్ స్టిక్‌లు.

ఒక ఏడు జూన్‌లో ఆమె మిషన్ తీసుకుని దుకాణానికి వచ్చి, "కాకా, నాలుగైదు పేజీలు తెరిస్తె అటకాయిస్తున్నది," అంది. ఇంకో రెండు స్టిక్‌లు వేశాను. అంతటితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. వేగం మీట కూడా నొక్కాను. అంకె చూపించి, "సూడు బిడ్డా, తాలూకాల ఎవలకు లేదు గింత స్పీడు," అన్నాను. ఆమె అడగలేదు. నా గొప్ప కోసం చేశాను.

నెలన్నర గడిచింది. పంట బీమాకు చివరి రోజు. పొద్దున తొమ్మిదిన్నరకు సవిత ఫోన్.

"కాకా, లైట్ పోయి అచ్చింది. గప్పటి సంది మిషన్ చాలూ అయితలేదు. ఫ్యాన్లు తిరుగుతున్నయ్, తెర నల్లగున్నది."

"బంద్ చేసి మళ్ళ చాలూ చెయ్."

"చేసిన."

"ఇంకోసారి చెయ్. చాలూ కాకుంటె ఊకె చూసుకుంట కూసోకు, ఎంబడే బంద్ చేసి మళ్ళ చెయ్."

ఈ పనిలో ఉన్న ప్రతి ఒక్కరి నోటా మొదట వచ్చే మాట అదే, బంద్ చేసి చాలూ చెయ్. నూటికి తొంభైసార్లు పనిచేస్తుంది కాబట్టి అది మనకు మంత్రమైపోయింది. నా మంత్రం ఆ అమ్మాయి పదిహేనుసార్లు జపించింది.

అప్పుడు ఆమె అసలు సంగతి చెప్పింది. చివరి రోజుల్లో సర్వర్ నత్తలా నడుస్తుందని తెలిసి, అరవైమంది రైతుల కాగితాలు ముందే స్కాన్ చేసి పెట్టుకుంది. అసలు కాగితాలు తిరిగి ఇచ్చేసింది. ఆ రోజు కూర్చుని వరసగా అన్నీ పంపేద్దామనుకుంది. స్కాన్లన్నీ ఆ తెరుచుకోని మిషన్ లోపల ఉన్నాయి. సాయంత్రానికి గడువు అయిపోతుంది. ఆ తరువాత వానలు ముంచినా ఎండలు మాడ్చినా ఆ అరవైమందికి బీమా లేదు.

"మొన్నటేడు సోయాబీన్ మొత్తం నీళ్ళల్ల కుళ్ళింది కాకా," అంది. "నా మీద నమ్మకంతోని కాగితాలిచ్చిండ్రు."

చేతికందిన సామాను సంచిలో వేసుకుని రైలెక్కాను.

తెరుచుకోని మధ్యాహ్నం

దిగేసరికి పన్నెండు దాటింది. కేంద్రం ముందు పాతికమంది దాకా ఉన్నారు, మొహాల్లో భయం. లోపల సవిత పొద్దుటి నుంచి ఏమీ తినకుండా కూర్చుని ఉంది. మిషన్ డబ్బా విప్పాను.

డిస్క్ తీసి ఇంకో కంప్యూటర్‌కు పెడితే సరిపోయేది కదా అని మీలో తెలివైనవాళ్ళు అడుగుతారు. సరిపోయేది. డిస్క్‌ను బయటి నుంచి తగిలించడానికి కావలసిన చిన్న డబ్బా నాందేడ్‌లో నా బల్ల మీద ఉంది. సంచిలో పవర్ సప్లై ఉంది, ర్యామ్ ఉంది, రబ్బరు ముక్క కూడా ఉంది, అది మాత్రం లేదు. ఊళ్ళో ఉన్న ఇంకో ల్యాప్‌టాప్ పాతది, ఈ రకం డిస్క్ అందులో పట్టదు.

రబ్బరుతో రుద్దాను. పెట్టాను. చాలూ చేశాను. నల్ల తెర. బంద్. స్టిక్‌లు అటూ ఇటూ మార్చాను. చాలూ. నల్ల తెర. బంద్. పవర్ సప్లై మార్చాను. కులకర్ణి సర్ చూస్తే చెవి మెలిపెట్టేవారు, ఒకేసారి మూడు మారుస్తున్నాను మరి. చెమటలు కారుతున్నాయి. బయట ఎవరో, "గిది గాదు పని, ధర్మాబాద్ పోదాం పాండ్రి," అంటున్నారు. ఇంకెవరో, "ఆడ గూడ లైనే ఉన్నది, కాగితాలు మళ్ళ ఎవలు తేవాలె," అంటున్నారు.

అప్పుడు సవిత మెల్లగా అంది, "కాకా, ఒక మాటంటె కోపం చెయ్యద్దు."

"చెప్పు."

"జూన్ల మీ దుకాన్ల గా రెండు స్టిక్కులు ఏసి చాలూ చేసినప్పుడు గూడ తెర గిట్లనే నల్లగున్నది. గప్పుడు మీరు నాకు చాయ్ తెప్పిచ్చిండ్రు. చాయ్ తాగుకుంట మాట్లాడుకుంట మిషన్ ముట్టలే. అయినంక చూస్తె తెర అచ్చింది. ఇయ్యాల మీరు ఒక్క నిమిషం గూడ దాన్ని ఆగనిస్తలేరు."

నా చెయ్యి స్విచ్ మీద ఉంది. అలాగే ఆగిపోయింది.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఈ కొత్త రకం బోర్డులు ర్యామ్ మారినా, వేగం మారినా, ఒక్కోసారి కరెంటు పోయివచ్చినా, తెర చూపించకముందు ర్యామ్‌తో లెక్క కుదుర్చుకుంటాయి. దానికి కొన్ని నిమిషాలు పడతాయి. నాలుగు స్టిక్‌లుండి వేగం కూడా పెంచి ఉంటే ఇంకా ఎక్కువ. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. నేను ఫోన్‌లో ఆమెతో పదిహేనుసార్లు, అక్కడికి వెళ్ళాక నా చేత్తో పదిసార్లు, ఆ లెక్క సగంలో ఉండగా మెడ పట్టుకుని ఆపాను. దుకాణంలో దాన్ని తెరిపించింది నా విద్య కాదు, పక్క హోటల్ చాయ్.

మొదటి నుంచి మొదలుపెట్టాను. నాలుగు స్టిక్‌లూ తీశాను. బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ సెల్ తీసి కాసేపు పక్కన పెట్టాను. అలా చేస్తే పెంచిన వేగం చెరిగిపోయి మామూలు వేగం వస్తుంది. పాత స్టిక్‌లలో ఒకటి మాత్రం బోర్డు పుస్తకంలో చెప్పిన గాడిలో పెట్టాను. చాలూ చేసి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఇప్పుడు చాయ్ తెప్పియ్యి," అన్నాను సవితతో.

చాయ్ వచ్చింది. మూడు నిమిషాలయ్యాక తెర వెలిగింది. బయట ఉన్నవాళ్ళు ఒక్కసారిగా లోపలికి తోసుకొచ్చారు. సవిత కళ్ళు తుడుచుకుని కుర్చీ లాక్కుంది. ఆ పాత స్టిక్ జోడీని కూడా పెట్టి, మామూలు వేగం మీదే ఉంచి, మిషన్ ఆమెకు అప్పగించాను. ఒంటిగంట దాటింది.

గంగవ్వ కాగితం

తెరుచుకున్నంత మాత్రాన బాగుపడినట్టు కాదు. ఇది రెండోసారి చదవండి. వేగం పెంచిన ర్యామ్ మిషన్‌ను తెరిపిస్తుంది, పని కూడా చేయిస్తుంది, కానీ మధ్యమధ్యలో ఒక అక్షరం మింగేస్తుంది. ఆ నెలన్నరలో చేసిన స్కాన్లలో ఐదు సగం వరకే తెరుచుకున్నాయి, మిగతా సగం బూడిదరంగు. నలుగురు అక్కడే ఉన్నారు, ఇళ్ళకు పరిగెత్తి కాగితాలు తెచ్చారు. ఐదో మనిషి గంగవ్వ. అరవై దాటిన మనిషి, ఒంటరిగా మూడెకరాలు చేసుకుంటుంది. ఫోన్ లేదు, ఊరవతల పొలంలో కలుపు తీస్తోంది.

సవిత తమ్ముడు ఆమె కోసం బండి మీద వెళ్ళాడు. ఈలోగా సవిత ఒక్కొక్క ఫారం పంపుతూనే ఉంది. గంగవ్వ వచ్చేసరికి ఐదు కావస్తోంది. పంపవలసింది ఆమె ఫారం ఒక్కటే మిగిలింది. మోకాళ్ళ దాకా బురద, చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో సాత్‌బారా, బ్యాంకు పుస్తకం.

"మొన్ననే ఇచ్చిన గదనే సవితా, మళ్ళెందుకు?" అంది.

సవిత నోరు తెరిచేలోగా బయటున్న పెద్దమనిషి ఒకాయన అందుకున్నాడు. "లైట్ అవ్వా, లైట్. పోవుడు అచ్చుడు చేసి మిషన్ కరాబు చేసింది."

అందరూ అవునన్నారు. కరెంటు మీదికి తోస్తే అడిగేవాడెవడు? మా పనిలో ఓల్టేజీ పేరు చెప్పి ఎన్ని తప్పులు కప్పుకున్నామో లెక్క లేదు. ఆ క్షణం నేను ఊరుకుంటే, నాందేడ్ నుంచి వచ్చి మిషన్ బాగుచేసి అందరినీ కాపాడిన పెద్దమనిషిగా రైలెక్కేవాణ్ణి. అప్పటికే ఇద్దరు నాకు దండాలు పెట్టారు కూడా. ఆ దండాలే నన్ను కూర్చోనివ్వలేదు.

"లైట్ తప్పు గాదు అవ్వా," అన్నాను. "నా తప్పు. సవిత అడగకున్నా నేను దీని స్పీడు పెంచిన. పెంచినంక సరిగ నడుస్తున్నదా లేదా అని పరీక్ష పెట్టలే. పొద్దుగాల సంది ఆగమాగం చేసింది గూడ నేనే. మీ కాగితం గందుకే కరాబైంది."

సవిత తల దించుకుంది. గంగవ్వ నన్ను కిందికీ పైకీ చూసింది.

"నీ తప్పైతె నువ్వే రాయి," అంది. "గా పిల్ల పొద్దుగాల సంది తిండి లేక కూసున్నట్టున్నది, మొకం జూడు. దాన్ని లేవనియ్యి, ఇంత తిననియ్యి."

సవిత లేచింది. నేను కూర్చున్నాను. బోర్డులు విప్పిన చేతులే గాని ఫారం నింపిన చేతులు కావు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. సర్వే నంబరు ఎంత అవ్వా, పంట ఏంది అవ్వా, ఎన్ని ఎకరాలు అవ్వా. ఆమె నిలబడి చెబుతోంది. ఒకసారి సర్వర్ తిరుగుతూ తిరుగుతూ ఉండిపోయింది. నా వేలు మళ్ళీ నొక్కబోయింది. నొక్కలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. అయిదూ ముప్పావుకు ఫారం వెళ్ళింది.

పావతి, అంటే రసీదు, ప్రింటు తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని తిరిగి నా చేతికే ఇచ్చి, "సదువు," అంది. పేరు, ఊరు, నంబరు, పంట అన్నీ పైకి చదివాను. పేరు రెండుసార్లు చదివించుకుంది. తరువాత పావతిని మడిచి సంచిలో పెట్టుకుని, "ఇంక రెండు సాళ్ళున్నయ్, పొద్దున్నది," అని పొలానికి వెళ్ళిపోయింది. నన్ను క్షమించానని అనలేదు. తిట్టనూ లేదు. పని చేయించుకుంది. ఒక మనిషికి అంతకన్నా పెద్ద మర్యాద ఇంకొకటి ఉంటుందని నాకు తోచదు.

మీ బల్ల మీద

కాబట్టి పిల్లలూ, వేగం పెంచాక తెర నల్లబడితే ముందు ఆగండి. పావుగంట ఆగండి. అప్పటికీ రాకపోతే సెల్ తీసి మామూలు వేగానికి తెండి, ఒక్క స్టిక్‌తో తెరవండి, మళ్ళీ ఆగండి. ఆ తరువాత ఒక్కొక్కటే కలపండి. గిరాకీ అడిగితేనే వేగం పెంచండి, అదీ ఒక్కో మెట్టు. పెంచాక రాత్రంతా మెమరీ పరీక్ష నడిపించి, ఒక్క తప్పు కూడా రాకపోతేనే మిషన్ ఇవ్వండి. కాగితాల పని చేసేవాళ్ళకు, దవాఖానాల వాళ్ళకు మామూలు వేగమే చాలు. సవిత మిషన్ ఇప్పటికీ నెమ్మది వేగం మీదే నడుస్తోంది. తేడా ఆమెకు తెలియనే లేదు, అడిగితే నవ్వింది.

అదే ఏడు దసరాకు ముందు సవిత మళ్ళీ దుకాణానికి వచ్చింది. నాయ్‌గావ్‌లో వాళ్ళ తమ్ముడు కేంద్రం తెరుస్తున్నాడట, రెండు మిషన్లు కట్టాలంది. నేను ఆమె మొహంలో మొహం పెట్టి చూడలేకపోయాను.

"అంత జరిగినంక గూడ నా దగ్గరికెందుకచ్చినవ్ బిడ్డా? నాందేడ్‌ల ఎన్ని దుకాన్లు లేవు?"

"అన్ని దుకాన్లల్ల మిషన్లు కరాబైతయ్ కాకా," అంది సవిత. "ఎవల తప్పు అంటె, మాది గాదంటరు. నాది అని చెప్పినోళ్ళను నేను మిమ్ములనే జూసిన."

ముప్పై ఏళ్ళలో నాకు దక్కిన కితాబు అదొక్కటే అనుకుంటాను. ఆ రెండు మిషన్లు కట్టి, రెండు రోజులు పరీక్ష పెట్టి, ఒక్క తప్పు కూడా రాలేదని కాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చాను.